గోత్రం అడిగారు, జ్వరం చూడలేదు

మన దేశానికి ఓడలో ఒక రసాయనం వస్తోందంటే ఇల్లరికపు అల్లుడు వస్తున్నట్టే. విశాఖ రేవులో దిగీ దిగకముందే పెద్దలంతా చుట్టూ మూగుతారు. మొదటి ప్రశ్న గోత్రం. రసాయనాల గోత్రాన్ని హెచ్ఎస్ కోడ్ అంటారు. ఎనిమిది అంకెలుంటాయి. స్టైరీన్‌ది 2902 50 00. అమ్మోనియం నైట్రేట్‌ది 3102 30 00. ఒక్క అంకె తేడా వచ్చినా పీటల మీద పెళ్లి ఆగిపోతుంది. తర్వాత పుట్టిల్లు ఏది, ఎవరి వెంట వచ్చావు, ఎంత బరువున్నావు, నీ వెల ఎంత అని వరసగా అడుగుతారు. ఆఖరున సుంకం. అల్లుడే ఎదురు చెల్లించుకుని లోపలికి రావాలి కాబట్టి, గురజాడవారి ఊరు ఇక్కడికి దగ్గరే కాబట్టి, దాన్ని శుల్కం అంటేనే బాగుంటుంది.

"ఒంట్లో ఎలా ఉంది నాయనా?" అని మాత్రం ఎవరూ అడగరు.

అన్నీ సరిపోయాక కంప్యూటర్‌లో ఒక మాట పడుతుంది. అవుట్ ఆఫ్ ఛార్జ్. సరుకు విడుదలైంది, తీసుకుపోవచ్చు అని దాని అర్థమట. కస్టమ్స్ వ్యవహారం తెలియని నాబోటివాడికి మాత్రం వేరేలా వినిపిస్తుంది: ఇక దీని పూచీ మాది కాదు. మన సర్కారు ఆఫీసుల్లో వేలాది ముద్రలున్నాయి గానీ ఇంత నిజాయితీగా మాట్లాడే ముద్ర ఇంకోటి నేను చూడలేదు.

ఈ మర్యాదలకు శాస్త్రాధారం ఉంది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ ఊరి మీద పడింది. ఆ ఫ్యాక్టరీలో మొదట్లో ఆ విషాన్ని తయారు చేసేవారు కాదు, అమెరికా నుంచి డ్రమ్ముల్లో తెచ్చుకునేవారు. అంటే అదీ ఇల్లరికపు అల్లుడిగానే వచ్చి, తర్వాత ఇక్కడే సంసారం పెట్టింది. వేలమంది చచ్చాక దేశానికి మెలకువ వచ్చింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు పుట్టాయి. వాటిలో దిగుమతి సంగతి చెప్పేది పద్దెనిమిదో నిబంధన. అక్షరం అక్షరం చదివి ఆనందించాల్సిన రచన అది. ప్రమాదకరమైన సరుకు తెప్పించేవాడు ఆ సంగతి అధికారులకు ఎప్పుడు చెప్పాలి? 30 రోజుల ముందు. లేదా, వీలునుబట్టి. కాకపోతే, దిగుమతి అయిన రోజు మాత్రం దాటకూడదు.

ఇంత ఉదారమైన శుభలేఖ ఎక్కడైనా చూశారా? నెల ముందు పంపండి. కుదరకపోతే కుదిరినప్పుడు పంపండి. అదీ కుదరకపోతే తాళి కడుతుండగా చేతికివ్వండి. ఆ సరుకు ప్రమాదమని తోస్తే దిగుమతి ఆపమనే అధికారం కూడా ఆ నిబంధనే ఇచ్చింది. సరే, మంగళవాయిద్యాలు మోగుతుండగా పంతులుగారు శుభలేఖ విప్పి, అడ్డుతెర పక్కకు తీసి, "ఈ సంబంధం నాకు నచ్చలేదు" అంటారన్నమాట. ఆపాటికి ఓడ రేవులో ఉంటుంది, డెమరేజ్ మీటరు గిర్రున తిరుగుతుంటుంది.

నిల్వ గురించి రూల్స్‌లో ఏమీ లేదని నేననడం లేదు. ఉంది, దండిగా ఉంది. సేఫ్టీ రిపోర్టు రాయాలి. ఎమర్జెన్సీ ప్లాన్ రాయాలి. ప్రమాదం జరిగితే నోటీసు రాయాలి. దిగుమతి చేసుకున్నవాడు రిజిస్టరు రాయాలి. రాయమన్నారు కాబట్టి రాస్తారు. మనవాళ్ల దస్తూరీకి వంక పెట్టే ధైర్యం ఎవరికుంది?

అసలు చిక్కు ఉమ్మడి కుటుంబంతో. రూల్సు రాసింది పర్యావరణ శాఖ. గేటు దగ్గర నిలబడ్డది ఆర్థిక శాఖ కింది కస్టమ్స్. ఏది రావచ్చో ఏది రాకూడదో చెప్పేది వాణిజ్య శాఖ కింది డీజీఎఫ్‌టీ. పేలేదైతే నాగపూర్‌లోని పెసో. నాణ్యత ముద్ర వేసే బీఐఎస్ వినియోగదారుల శాఖది, ఆ ముద్ర ఉండి తీరాలని ఉత్తర్వు ఇచ్చేది రసాయనాల శాఖ. ఎసిటిక్ ఆన్‌హైడ్రైడ్ లాంటిదైతే, దాంతో హెరాయిన్ కూడా చేస్తారు కనుక, గ్వాలియర్‌లోని నార్కోటిక్స్ కమిషనర్. గేటు దాటాక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, ఫ్యాక్టరీల శాఖ. ఇంతమంది ఉన్న ఇంట్లో అల్లుడు పస్తులుంటాడా అంటే, ఉంటాడు. వదిన పెట్టిందని అత్త అనుకుంటుంది, అత్త పెట్టిందని వదిన అనుకుంటుంది. పదిమందిలో పాము చావదని సామెత. ఇక్కడ చావకపోవడం ఒక్కటే కాదు, పామును చూశామని పదిమంది దగ్గరా రసీదులుంటాయి.

అమ్మోనియం నైట్రేట్ కథే తీసుకోండి. పొలంలో ఎరువు, గనిలో మందుగుండు. 2011లో దాన్ని పేలుడు పదార్థంగా ప్రకటించి, 2012లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చారు. వీటికి తల్లి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, అంటే విక్టోరియా మహారాణి కాలపు ముత్తవ్వ. 2015లో దక్షిణ కొరియా నుంచి చెన్నై రేవుకు వచ్చిన దాదాపు 700 టన్నుల సరుకులో తేడా ఉందని కస్టమ్స్‌వారు పట్టుకున్నారు. శభాష్. పట్టుకుని ఆ 37 కంటైనర్లను నగర శివారు మనలిలో ఒక కంటైనర్ యార్డులో పెట్టారు. నిబంధన తప్పిన సరుకును పట్టుకోవాలని నిబంధన ఉంది. పట్టుకున్న దొంగను అలా ఎన్నేళ్లు పెరట్లో కట్టెయ్యాలన్నది మాత్రం ఎవరికీ తోచలేదు. కేసు కేసులా నడిచింది, సరుకు సరుకులా కూర్చుంది. అయిదేళ్లు.

2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. 200 మందికి పైగా పోయారు. అదీ 2013లో ఓడలో వచ్చి, గోదాములో చేరి, అక్కడి అధికారులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటుండగా ముసలిదైపోయిన సరుకే. రెండ్రోజుల్లో ఢిల్లీ నుంచి మన రేవులన్నిటికీ తాఖీదు వచ్చింది: గోదాముల్లో ఉన్న ప్రమాదకర సరుకులన్నీ 48 గంటల్లో సరిచూసి చెప్పండి. అయిదేళ్లు కనబడనిది 48 గంటల్లో కనబడింది. మనలి తాళం చెవి చెన్నైలో ఎవరికీ దొరకలేదు, చివరికి బేరూత్‌లో దొరికింది.

ఆ కంటైనర్లు ఎక్కడికి వచ్చాయనుకున్నారు? హైదరాబాదుకు. ఈ-వేలంలో అక్కడి పేలుడు పదార్థాల కంపెనీ కొనుక్కుంటే, లారీల మీద ఊళ్లు దాటుకుంటూ వచ్చాయి. మరుసటి ఏడాది నిబంధనలు సవరించారు. పట్టుబడ్డ సరుకును త్వరగా వేలం వేయొచ్చు, దిగుమతి సంచుల్లోనే జరగాలి అని. మంచి సవరణే, ఒప్పుకుంటాను. ట్యూషన్ ఫీజు లెబనాన్‌వాళ్లు కట్టారు, అంతే.

ఇక నాణ్యత. దీని గురించి ఎక్కువ చెబితే నవ్వు ఆగదు, కాస్త చెబుతాను. క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ అని ఒకటుంది. ఆ ఉత్తర్వు పడిన రసాయనం మీద బీఐఎస్ ముద్ర లేకపోతే దేశంలోకి రానివ్వరు. ముద్ర కావాలంటే ఎక్కడో పరాయి దేశంలోని ఫ్యాక్టరీ మన లైసెన్సు తీసుకోవాలి. మనవాళ్లు వెళ్లి చూసి రావాలి. ఈలోగా ఇక్కడ చిన్న ఫ్యాక్టరీవాడు ముడిసరుకు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడాలి, లేదా దేశంలోని పెద్ద ఫ్యాక్టరీ చెప్పిన ధరకు నోరు మూసుకుని కొనుక్కోవాలి. ఉత్తర్వు వస్తుంది, అమలు తేదీ వాయిదా పడుతుంది, మళ్లీ పడుతుంది. ప్రజాప్రయోజనం దృష్ట్యా అవసరం అన్న మాట ఉత్తర్వుల్లో మంగళశ్లోకంలా ఉంటుంది. 2025 నవంబరు 12న టెరిఫ్తాలిక్ యాసిడ్, ఇథిలీన్ గ్లైకాల్ మొదలుకొని పాలిథిలీన్, పీవీసీ దాకా 14 ఉత్తర్వులను ఒక్కరోజే ఉపసంహరించారు. పదకొండో తేదీ సాయంత్రం దాకా అవసరమైన నాణ్యత పన్నెండో తేదీకి అక్కర్లేకపోయింది. ఆ రాత్రికి రాత్రే ప్రజాప్రయోజనం అంతా నెరవేరిపోయిందన్నమాట.

గమనించారా, ఈ నాణ్యత కూడా గోత్రం లాంటిదే. సరుకు స్వచ్ఛత ఎంత శాతం అని చూస్తుంది. ఆ స్వచ్ఛమైన సరుకు ఎవరి ఇంటి గోడ పక్కన, ఎంత వేడిలో పడుకుంటుందన్నది దానికి పట్టదు.

ఇప్పుడు మా ఊరి అల్లుడి దగ్గరకు వస్తాను.

స్టైరీన్ మన దేశంలో తయారు కాదు. థర్మాకోల్‌కీ, ప్లాస్టిక్ డబ్బాలకీ కావలసిన ప్రతి చుక్కా ఓడల్లో రావాల్సిందే. దాని స్వభావం కాస్త విచిత్రం. చల్లగా ఉంచితే బుద్ధిమంతుడు. వేడెక్కిందా, తనలో తానే ముడిపడిపోవడం మొదలెడుతుంది, ముడిపడినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ ఇంకా ముడిపడుతుంది. అలా జరగకుండా టీబీసీ అనే మందు కలుపుతారు. మందు వెయ్యాలి, ఒళ్లు చల్లగా ఉంచాలి, అప్పుడప్పుడు నాడి చూడాలి. ఇంతే దాని వైద్యం. ఏ దేశం నుంచి వచ్చినా దాని వెంట వచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో ఈ ముక్కే రాసి ఉంటుంది. ఆ షీట్ ఉందా లేదా అని మనవాళ్లు చూస్తారు. ఉంటే ఫైల్లో పెడతారు.

2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ, విశాఖ దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో, కొరియావాళ్ల ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులో స్టైరీన్‌కు జ్వరం తలకెక్కింది. లాక్‌డౌన్ రోజులు. టీబీసీ మందు నిండుకుంది. శీతలీకరణ యంత్రాన్ని సాయంత్రం అయిదు కాగానే ఆపేసే ఆనవాయితీ. థర్మామీటరు ట్యాంకు అడుగున ఉంది, వేడి పైన ఉంది. అంటే రోగికి నుదురు కాలిపోతుంటే అరికాలు పట్టుకుని చూసి "చల్లగానే ఉన్నాడు" అని రాసుకున్నారు. పైన 150 డిగ్రీలు దాటింది. సైరన్ మోగించే మీటలు ప్రాంగణంలో 36 చోట్ల ఉన్నాయని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తర్వాత లెక్కపెట్టి చెప్పింది. ఒక్కటీ మోగలేదు. ఆవిరి నిద్రలో ఉన్న ఊళ్లోకి దిగింది. 12 మంది చనిపోయారు. వీధుల్లో, కాలవ పక్కన, మోటారు సైకిళ్ల మీద పరిగెడుతూ పడిపోయినవాళ్లను ఆ ఉదయం టీవీల్లో దేశమంతా చూసింది.

పక్కన ఉండే జనానికి ముందుగా చెప్పాలి, మీ పక్కింట్లో ఫలానా పదార్థం ఉంది, తేడా వస్తే ఇలా చేయండి అని. ఇది నా ఊహ కాదు, అదే 1989 నిబంధనల్లో పదిహేనో నిబంధన. వెంకటాపురానికి ఆ శుభలేఖ తెల్లవారుజామున మూడింటికి, ఆవిరి రూపంలో అందింది. వీలునుబట్టి అన్న వెసులుబాటు పద్దెనిమిదో నిబంధనకే అనుకున్నాం గానీ, పదిహేనుకూ వాడుకున్నారు.

ఇంకో ముచ్చట. తమ ఉత్పత్తికి సరిపడా చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీ 2019లోనే ప్రమాణపత్రం మీద రాసి ఇచ్చింది. ఒప్పుకోలు పత్రం అందాక సాధారణంగా ఏం చేస్తారు? మన ఆఫీసుల్లో దాన్నీ ఫైల్లో పెడతారు. ఫ్యాక్టరీ నడిచింది. స్టైరీన్ ఓడలు వచ్చాయి. ప్రతి ఓడ దగ్గరా గోత్రం సరిపోయింది, శుల్కం ముట్టింది, అవుట్ ఆఫ్ ఛార్జ్ పడింది.

ఇంత జరిగాక కొత్త చట్టం రాలేదా అని మీరడగొచ్చు. వస్తోంది. ఐరోపావాళ్లు 2007 నుంచే రీచ్ అనే పద్ధతి నడుపుతున్నారు. ఏడాదికి టన్ను దాటి తెచ్చే రసాయనం ఏదైనా, దాని గుణగణాలు ముందే నమోదు చేసుకోవాలి. సమాచారం లేకపోతే సంతలో చోటు లేదు. ఆ కొరియావాళ్లు కూడా 2015 నుంచి తమ దేశంలో అలాంటిదే పెట్టుకున్నారు. వాళ్ల ఇంట్లో ఒక మర్యాద, అత్తారింట్లో ఇంకో మర్యాద అన్నమాట. మనమూ అదే దారిలో ముసాయిదా రాశాం. ఒకటి కాదు, చాలా. వెంకటాపురం జరిగిన మూడు నెలలకే, 2020 ఆగస్టులో అయిదో ముసాయిదా బయటికొచ్చింది. దాని పేరు చదివి నేను కాసేపు లేవలేకపోయాను: రసాయనాల నిర్వహణ, భద్రత నిబంధనలు, 20ఎక్స్‌ఎక్స్.

అచ్చు తప్పు కాదు. సంవత్సరం ఉండాల్సిన చోట రెండు ఎక్స్‌లు. పుట్టబోయే బిడ్డకు పేరు పెట్టారు, పుట్టే ఏడాదిని మాత్రం బ్రహ్మకు వదిలేశారు. ముసాయిదా రాసినవాడి దూరదృష్టికి దండం పెట్టాలి. 2099 దాకా మళ్లీ టైపు కొట్టే పని లేదు. ఈలోగా పాత రూల్సే. వీలునుబట్టి, కానీ దిగుమతి తేదీ దాటకుండా.

వెంకటాపురం తర్వాత జనం కోపం చూసి రాష్ట్ర ప్రభుత్వం ఒక్క పని మాత్రం చాలా వేగంగా చేసింది. ఫ్యాక్టరీలోనూ రేవు ట్యాంకుల్లోనూ మిగిలిన స్టైరీన్, దాదాపు 13 వేల టన్నులు, తిరిగి కొరియాకు పంపెయ్యమంది. ట్యాంకర్లు వరసకట్టి రేవుకు వెళ్లాయి. ఇల్లరికపు అల్లుణ్ణి మెడపట్టి పుట్టింటికి సాగనంపడం మా ఊళ్లో అంతకుముందు ఎవరూ చూసినట్టు లేదు. ఈసారి టీబీసీ కలిపారు. ఈసారి చల్లబరిచారు. ఈసారి నాడి చూస్తూ ఉన్నారు.

ఓడ కదిలే ముందు షిప్పింగ్ బిల్లు నింపాలి కదా. అందులో గోత్రం గడి ఉంటుంది. 2902 50 00.