లంకంత కొంప: టీకా తాత్పర్యం

మూలం: "లంకంత కొంపలో ఉండేది మేమిద్దరమే."

ప్రతిపదార్థం: లంకంత = రావణుడి పట్టణమంత పెద్దదైన; కొంపలో = సొంత ఇంటిలో (నింద పైకి మాత్రమే; అప్పు తీరిపోయిన ఇంటినే ఇంత చులకనగా అనడం లోకరీతి); ఉండేది = ఊడ్చుకొనేది, తుడుచుకొనేది, రాత్రి తలుపులన్నీ గడియ పడ్డాయో లేదో చూసుకొనేది; మేమిద్దరమే = పిల్లలు అమెరికాలో ఉన్నారని శేషం.

వ్యాకరణం: సంస్కృత 'లంకా' చివరి దీర్ఘం పోగొట్టుకొని తెలుగులో 'లంక' అయింది. దానికి పరిమాణం చెప్పే 'అంత' చేరగా అత్వసంధి వచ్చి 'లంకంత' అనే విశేషణం ఏర్పడింది. కొండంత, గోరంత, చాటంత ఈ కోవలోవే. అయితే కొండంత అనేది అండకూ ఆశకూ కూడా అతుకుతుంది. లంకంత ఇల్లు దాటి పోదు. చెరువునో చేనునో అలా అనడం వినబడదు.

పూర్వపక్షం: గోదావరి నడుమ మేట వేసిన నేలకూ లంక అనే పేరు. లంక గ్రామాలు, లంక పొగాకు అందరూ ఎరిగినవే. మరి ఈ విశేషణం ఆ లంకది ఎందుకు కాకూడదని కోనసీమ పక్షం వారు అడగవచ్చు. కుదరదు. ఏటి లంక వరదకు కోసుకుపోతుంది. ఒక్కోటి నాలుగు కొబ్బరిచెట్లకే సరి. దానితో పోలిస్తే ఇంటిని పొగిడినట్టో తెగిడినట్టో తేలదు.

సిద్ధాంతం: ఇది రామాయణ లంకే. త్రికూట పర్వతం మీద విశ్వకర్మ కట్టిన పట్టణం. ఉత్తరకాండ ప్రకారం రాక్షసులు వదిలిపోయిన ఆ చోట కుబేరుడు కాపురం పెడితే, సవతి తమ్ముడు రావణుడు అది మా తాతలదని ఖాళీ చేయించాడు. ఆస్తి తగాదాలకు ఇంతకన్నా పాత నజీరు అక్కర్లేదు. పట్టణం ఎంత పెద్దదో యోజనాల లెక్కకన్నా సుందరకాండలోనే బాగా తెలుస్తుంది. ప్రహస్తుడి ఇల్లు, విభీషణుడి ఇల్లు, కుంభకర్ణుడి ఇల్లు, ఇంద్రజిత్తు ఇల్లు, ఇలా హనుమంతుడు రాత్రంతా వెదికాడు. రావణుడి అంతఃపురంలో మండోదరిని చూసి సీతేనని భ్రమపడి కాసేపు గంతులేశాడు. పానశాల కూడా గాలించాడు. సీత ఏ గదిలోనూ లేదు, అశోకవనంలో ఉంది. కళ్ళజోడు కోసం మేడా మిద్దే తిరిగి, చివరకు పెరట్లో తులసికోట గట్టు మీద దొరికించుకొనే పెద్దవారికి ఈ ఘట్టం విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రయోగం: సొంతదారు నోట ఈ మాట విసుగు వేషం కట్టిన గొప్ప. చుట్టం నోట ఈర్ష్య. అందుకే చుట్టం గుమ్మంలో ఉన్నంతసేపూ "ఇల్లు విశాలంగా ఉందండీ" అని, ఆటో ఎక్కాక "లంకంత కొంప" అంటాడు. స్థలాలూ విల్లాలూ అమ్మేవారు దీని జోలికి పోరు. ఆ లంక చివరికి ఏమైందో కొనేవారికి గుర్తొస్తుందని భయం కాబోలు.

తాత్పర్యం: ఇవాళ పనిమనిషి రాలేదు.