పేష్కారుగారి స్పానిషు

మనిషి కోర్టుకొలువునుండి విరమించినను కోర్టు మనిషినుండి విరమింపదనుటకు మా మిత్రుని తండ్రిగారైన పేష్కారుగారే సాక్షి. తెలంగాణపు కచ్చేరీలలో ముప్పదియైదేండ్లు దస్త్రముల నడుమ తల నెరపించుకొన్న ఆ పెద్దమనిషి, టెక్సాసునందలి కుమారుని యింటికి ఆరుమాసములుండిపోవ వేంచేసిన మొదటి పక్షముననే, అతివేగముగా కారు నడిపినందులకు జరిమానా చెల్లింపబోవు ఆ కుమారుని వెంట న్యాయస్థానమునకు పోయి, గోడపై ఇంగ్లీషు క్రింద స్పానిషున వ్రాసిన ప్రకటనను గాంచి, తిరునాళ్లలో తప్పిపోయిన తమ్ముని చూచినట్లు నిలిచిపోయిరి. నాటినుండి వారికి స్పానిషు పట్టుకొనెను. అదియును కోర్టు స్పానిషు మాత్రమే.

పరభాష నేర్వబోవు సామాన్యుడు అన్నము, నీళ్లు, త్రోవ అను మాటలతో ఆరంభించును. వీరు జప్తుతో ఆరంభించిరి. జప్తునకు స్పానిషున ఎంబార్గో యని పేరు. ‘సిన్ ఎంబార్గో’ యనగా ‘అయినప్పటికిని’ అని వాడుకయే యైనను, మాటకు మాట చూచినచో ‘జప్తు లేక’ యని తేలును. “ఏమోయ్, ఇంటిమీదికి అమీను రాలేదని మాటిమాటికి చెప్పుకొనుచుండువారు ఎంత అప్పులపాలైనవారో!” యని వారు నాతో జాలిపడిరి.

వారి యసలైన ఆనందము అరబ్బీ మాటల దగ్గర నున్నది. స్పెయినున 711లో మొదలైన ముస్లిముల యేలుబడి 1492లో గ్రనాడాతో ముగిసినను, వారి కచ్చేరి స్పానిషు భాషనుండి బిచాణా ఎత్తలేదు. అదే అరబ్బీ పారసీకము మీదుగా మన దస్తావేజులలోనికిని దిగినది. కావున దస్తావేజులు వ్రాసి వ్రాసి వ్రేళ్లు కాయలు కాచిన పేష్కారుగారికి, ఫులానో మన ఫలానాయే యనియు, మరణశాసనమును అమలుపరచు అల్బాసేయా మన వసీయతునామాకు జ్ఞాతియనియు, సుంకపు కచ్చేరియగు అదువానా మన దివానేయనియు తెలిసిన దినమున నిద్ర పట్టలేదు. అరబ్బుల ఖాజీ అక్కడ అల్కాల్దేయై నగరాధ్యక్ష పదవి నలంకరింపగా, వజీరు పాపము అల్గ్వాసిల్ అను పేర కోర్టుబంట్రోతుగా మిగిలెనట. “వజీరంతవానికే ఈ గతి పట్టగా, నాకు శిరస్తాదారీ రాకపోవుటలో వింతయేమున్నది?” అని పండ్రెండేండ్ల వెనుకటి గాయమునకు వారు ఆనాడే మందు వ్రాసికొనిరి.

ఒకనాడు వారి యిల్లాలైన పిన్నిగారు, భార్యను ఆ భాషలో ఏమందురని యడిగిరి. ఎస్పోసా యని చెప్పి యూరకుండినచో సరిపోయెడిది, విద్య యూరకుండనిచ్చునా? దానినే బహువచనమున ఎస్పోసాస్ అన్నచో చేతిసంకెళ్లని కూడ అర్థమని పొడిగించిరి. “సంకెళ్లు మీకో నాకో, అది చెప్పలేదా మీ పుస్తకము?” అని ఆమె కూర తరుగుకొనబోయిరి. ఆ ప్రశ్నకు వారి నోటుపుస్తకమున నేటికిని జవాబు లేదు.

అటుపై వారమున నేను వారిని మెక్సికోవారి భోజనశాలకు తోడ్కొనిపోతిని. తెలంగాణపు కారము తిన్న నాలుకకు కొదువయేమన్న ధీమాతో పేష్కారుగారు హబనేరో మిరపల పచ్చడిని చెంచాడు నోట వేసికొనిరి. ముఖము జేవురించెను, కన్నులు కారెను, అయినను నీళ్లను స్పానిషుననే అడుగవలెనన్న పంతము సడలలేదు. వడ్డించు పిల్లను సైగతో పిలిచి, “తెస్తీగో!” అనిరి, అది సాక్షి. “ఫియాన్సా!” అనిరి, అది జామీను. తుదకు “అపెలసియోన్!” అని అప్పీలు దాఖలు చేసికొనిరి. ఆ పిల్ల నావంక చూచెను.

“ఆగ్వా” అని పిన్నిగారు మెల్లగా పలికిరి. పక్కింటి మెక్సికో ఆమెతో కొత్తిమీర ఇచ్చిపుచ్చుకొనుటలో వారికి అబ్బిన మాట యది.

మూడు గ్లాసులు వరుసగా త్రాగి ఊపిరి పీల్చుకొన్న పిదప పేష్కారుగారు జేబునుండి నోటుపుస్తకము తీసి, ఆ మాట యెక్కడ చేర్చవలెనాయని పుటలన్నియు త్రిప్పి త్రిప్పి, చివరకు క్రొత్త పుటపై ‘నదీజలవివాదములు’ అని శీర్షిక పెట్టి, దాని క్రింద ఆగ్వా యని వ్రాసికొనిరి.