జూమ్ ఉపదేశి

మన ఊళ్ళల్లో కతోలిక ఉపదేశి అంటే సైకిలు, సంచిలో సత్యోపదేశం పుస్తకం, చేతిలో గుడిగంట తాడు. కెనడా చేరేసరికి ఆ మూడూ పోయి రింగ్ లైటు, రెండు లాప్‌టాప్‌లు, మెడలో హెడ్‌ఫోన్లు వచ్చాయి. బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో నాలుగు తెలుగు కతోలిక కుటుంబాలు చేరాయంటే వాళ్ళలో ఈయన ఒకడు ఉండి తీరతాడు. వారమంతా ఏదో బ్యాంకు సాఫ్ట్‌వేరుకు మరమ్మతులు చేస్తాడు. శనివారం సాయంత్రం బేస్‌మెంట్లోకి దిగి పిల్లల ఆత్మలకు చేస్తాడు.

ఈయన పాఠం సిలువ గుర్తుతో మొదలవదు. "నేను వినిపిస్తున్నానా?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది. తర్వాత "స్క్రీన్ కనిపిస్తోందా?" ఆ రెండూ తేలాక గానీ ప్రార్థనకు వంతు రాదు.

తెరమీద పదకొండు గళ్ళు. ఆరింటిలో ఇంటి కప్పులు, ఒకదాంట్లో కుక్క, మిగతావాటిలో పిల్లలు. అందరూ ప్రభుత్వ ఖర్చుతో నడిచే ఒంటారియో కతోలిక బడుల్లో చదువుతున్నవాళ్ళే. పరలోక జపం ఇంగ్లీషులో గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. తెలుగులో చెప్పమన్నారో, నెట్ కట్టవుతుంది.

ఉచిత జూమ్ 40 నిమిషాలకే తెగుతుంది. జపమాలకు ఇరవై, "వినిపిస్తున్నానా"లకు పదిహేను. దేవమాత స్తుతులు సగంలో ఉండగానే అందరూ మాయం. డబ్బు కట్టి తీసుకోవచ్చు కదా అంటే, ఉచితం గురించి సువార్తలో ఉన్న మాట గుర్తుచేస్తాడు.

"గుళ్ళో చెప్పాల్సింది ఫోన్లో ఏమిటయ్యా?" అని ఏ పెద్దాయనైనా అన్నాడా, అయిపోయాడే. ఉపదేశి చిట్టా విప్పుతాడు. పునీత క్లారమ్మ జబ్బుతో మంచంపట్టి, క్రిస్మస్ పూజను గది గోడమీద చూసిందట, రీఛార్జి కూడా లేకుండా! అందుకే 1958లో పన్నెండో పయస్ పోపుగారు ఆమెను టెలివిజన్‌కు పాలక పునీతురాలిని చేశారు. 2002లో ప్రపంచ యువజన దినోత్సవానికి రెండో జాన్ పాల్ పోపుగారు టొరంటో వచ్చారు. ఆ ఊపులోనే మరుసటేడు ఇక్కడ సాల్ట్ అండ్ లైట్ టీవీ పుట్టింది.

అన్నిటికీ మించిన బ్రహ్మాస్త్రం కార్లో అకూటిస్. 2006లో పదిహేనేళ్ళకే ల్యుకేమియాతో కన్నుమూసిన ఇటలీ కుర్రాడు. దివ్యసత్ప్రసాద అద్భుతాలను వెతికి వెతికి వెబ్‌సైటులో పేర్చాడు. 2025 సెప్టెంబరు 7న పద్నాలుగో లియో పోపుగారు అతణ్ణి పునీతుడిగా ప్రకటించారు. ఆ పాఠం పూనకంతో చెబుతుండగా ఒక గడిలోంచి చెయ్యి లేచింది.

"అంకుల్, కార్లో వారానికి గంటే వీడియో గేములు ఆడేవాడట కదా?"

"అదీ నిగ్రహమంటే!"

"మరి మీరు క్రికెట్ స్కోరు చూస్తున్నారు. స్క్రీన్ షేరింగులో కనిపిస్తోంది."

ఈయన మాటకు ముందొకసారి, వెనకొకసారి తలిచే పేరు మార్షల్ మెక్‌లూహన్. 1937లో కతోలికుడై, టొరంటో సెయింట్ మైకేల్స్ కాలేజీలో పాఠాలు చెప్పిన మేధావి. చెప్పే సంగతి కన్నా, దాన్ని మోసుకొచ్చే సాధనమే మనిషిని ఎక్కువ మలుస్తుందన్నది ఆయన వాదన. మన ఉపదేశి దాన్ని పదేళ్ళుగా చెబుతున్నాడు. అర్థమైంది మాత్రం మొన్ననే.

ఒకింటి ఇల్లాలు ఫోన్ చేసింది. ఏడేళ్ళ కూతురు రాత్రి పడుకోబోతూ చేతులు జోడించి, "యేసయ్యా, నేను వినిపిస్తున్నానా?" అందట. కాసేపు ఆగి, అటునుంచి ఏమీ రాకపోయినా పరలోక జపం మొదలుపెట్టిందట. తెలుగులోనే!

ఉపదేశికి గుండె జారింది. "అయ్యో, ఫాదర్‌గారికి తెలిస్తే ఏమంటారో!" అన్నాడు. ఇంతలో ఫిరంగిపురం నుంచి మనవరాలి కోసం వచ్చిన అమ్మమ్మ ఫోను లాక్కుంది.

"ఏందయ్యా ఆ కంగారు? కీర్తనల్లో దావీదు మహారాజు మాత్రం ఏమడిగాడు?"

ఆ శనివారం ఉపదేశి రింగ్ లైటు వేసి, గొంతు సవరించుకుని, "నేను వినిపిస్తున్నానా?" అన్నాడు. అడిగింది ఎవరినో తనకే ఒక్క క్షణం తికమకైంది. అలవాటు లేని నిశ్శబ్దం. కళ్ళు పైకెత్తాడు.

పదకొండు గళ్ళూ ఒక్కసారిగా అరిచాయి: "అంకుల్, మీరు మ్యూట్‌లో ఉన్నారు!"