సముద్రానికి రాత్రి ఎక్కడ మిగిల్చారు?

రాత్రన్నాక చీకటి ఉండాలి నాయనా. సముద్రం ఒడ్డున మరీనూ. మొన్న చాలా ఏళ్ల తర్వాత విశాఖపట్నం వెళ్లి ఆర్కే బీచ్‌లో రాత్రి పదింటప్పుడు నిలబడితే లైట్లు కనిపించాయి, హోటళ్ల బోర్డులు కనిపించాయి, రోడ్డు పొడుగునా కార్లు కనిపించాయి; సముద్రం మాత్రం కనిపించలేదు. కళ్లలోకి అంత వెలుగు కొడుతుంటే అవతల నల్లగా కదిలేది ఎలా కనిపిస్తుంది? కుర్రకారంతా దానికి వీపు పెట్టి, ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. బంగాళాఖాతాన్ని వెనక పెట్టుకుని సొంత మొహం చూసుకోవడానికి అంత దూరం రావాలా?

మాది ధర్మపురి. సేలం నుంచి విడదీసి దాన్ని జిల్లా చేసిన 1965లో నేను బళ్లో చదువుకుంటున్నాను. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. నీళ్లంటే మాకు హొగెనకల్ దగ్గర కావేరి దూకే చోటే. అది దాటి నీళ్లు ఊహించుకోవడం కూడా చేతకాదు. వయసొచ్చాక మా పెదనాన్న మన్యం చింతపండు బేరం నాకు అప్పగించాడు. జోలార్‌పేటలో రైలెక్కి, మద్రాసులో బండి మారి, వాల్తేరులో దిగేవాణ్ణి. ఆ రోజుల్లో స్టేషన్‌కు వాల్తేరనే పేరు. మీలాగ ఏసీ పెట్టెలో దుప్పటి కప్పుకుని ఊరొచ్చేదాకా పడుకోవడం కాదు, కిటికీ పక్కన బొగ్గు నుసి కళ్లలో పడుతున్నా గోదావరి వంతెన వచ్చేదాకా మేలుకునేవాళ్లం. ఏం చెబుతున్నాను? ఆఁ, విశాఖ. పగలంతా పూర్ణా మార్కెట్లో బేరాలు. పొద్దుగూకాక మాత్రం నేను ఒడ్డు మనిషిని.

అప్పటి రాత్రి ఎలా ఉండేదో చెబుతాను, కాస్త ఓపిక పట్టు. మెస్సులో భోంచేసి, జగదాంబలో రెండో ఆట చూసి, నడుచుకుంటూ బీచ్‌కి వెళ్లేవాళ్లం. ఆటో పిలిచే అలవాటు లేదు, పిలిచే డబ్బూ లేదు. ఒడ్డుకు చేరేసరికి వీధి దీపాలు వెనకబడేవి. డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌస్ వెలుగు ఒక్కసారి నీళ్ల మీద తిరిగి వెళ్లేది. రేవులో చోటు దొరక్క బయట లంగరేసిన ఓడల దీపాలు అమావాస్యనాడు దూరపు పల్లెలా వరసగా మినుకుమనేవి. 1933లో రేవు తెరిచిన నాటినుంచి ఆ ఊరికి ఓడలే కాలక్షేపం. ఏ ఓడ ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఏం సరుకు మోస్తోందో వాదించుకుంటూ గంటలు గడిచేవి. ఎవడికీ నిజం తెలియదు, ఎవడూ ఓడిపోడు. ఒక లాంతరు, ఒక బుట్ట పెట్టుకుని మురీ మిక్చరు అమ్మే ఆయన మా పక్కనే చతికిలబడి, అమ్మకం మరిచిపోయి వాదనలో దిగేవాడు. తెల్లవారుజామున జాలర్లు వచ్చి తెప్పలు నీళ్లలోకి నెడుతుంటే, అడగకపోయినా వెళ్లి ఓ చెయ్యి వేసేవాళ్లం.

1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’ వచ్చింది. విశాఖలోనూ భీమిలిలోనూ తీసిన సినిమా. తమిళంలోకి మార్చకుండా తెలుగులోనే మద్రాసు సఫైర్ థియేటర్లో ఏడాదికి పైగా ఆడింది. మా ధర్మపురి తమిళ స్నేహితులు మద్రాసు వెళ్లి చూసొచ్చి, ఆ సముద్రం నిజంగా అలాగే ఉంటుందా అని నన్ను అడిగేవారు. అంతకంటే బాగుంటుందని గర్వంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అడిగితే ఏం చెప్పను?

తాగుడు వల్ల ఒడ్డు చెడిందంటానని నువ్వు అనుకుంటున్నావు. కాదు. తాగేవాళ్లు అప్పుడూ ఉన్నారు. 1995లో మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఒడ్డు ఒడ్డులాగే ఉంది. నా గొడవ వేరు. మొన్న కాళ్లు పీకి, సముద్రం వైపు కుర్చీలు వేసిన ఒక చోట కూర్చోబోతే, టేబుల్ బుక్ చేశారా అని అడిగాడో కుర్రాడు. లోపలికి రావడానికే ఇంత కట్టాలన్నాడు. మాట మర్యాదగానే ఉంది, ఆ పిల్లవాణ్ణి ఏమనను? కానీ గాలి పీల్చుకోవడానికి డబ్బులేమిటి? పగలు టికెట్టు కొని చూసేవాటికి నేను పేరు పెట్టను. 1971 యుద్ధంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామిని 2002లో ఒడ్డుమీద మ్యూజియం చేశారు, 2017లో టీయూ-142 విమానాన్నీ తెచ్చి నిలబెట్టారు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. రాత్రి సముద్రం మాత్రం జేబులో రూపాయి లేనివాడిది కూడా.

పైగా రాత్రి మనుషులకే కాదు. చలికాలం దాటుతుండగా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ తీరానికి రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు పుట్టగానే ఎటు వెలుగుంటే అటు పాకుతాయి. చీకటి ఉన్న కాలంలో ఆ వెలుగు సముద్రం మీద ఆకాశానిది. ఇప్పుడు రోడ్డు వైపు వెలుగు ఎక్కువ కాబట్టి దారి తప్పి రోడ్డు వైపు వస్తాయి. అటవీశాఖవాళ్లు గుడ్లు ఏరి, కంచెలు కట్టి, పిల్లల్ని నీళ్లలో వదులుతున్నారు. వాళ్లకు దండం పెట్టాలి. ఇసుకకూ అదే గతి. రేవు గోడలు అడ్డుపడి దక్షిణం నుంచి రావలసిన ఇసుక ఆగిపోతే, పోర్టువాళ్లు డ్రెడ్జర్‌తో తోడి తెచ్చి బీచ్‌లో పోయిస్తున్నారు. తనంతట తాను వచ్చేదాన్ని ఆపి, తర్వాత మనమే మోసుకురావడం!

అయితే ఒక్క సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. మా రోజుల్లో చీకటి పడ్డాక ఆ ఒడ్డున జాలరి ఆడవాళ్లు తప్ప ఆడమనిషి ఉండేది కాదు. పెళ్లయిన కొత్తలో మా ఆవిణ్ణి తీసుకెళ్తే ఏడింటికే లాడ్జికి తిరిగి వచ్చేశాం. చుట్టూ మగవాళ్లు, అందరి చూపులూ మా మీదే. మొన్న పదకొండింటికి నలుగురు ఆడపిల్లలు మెట్లమీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తింటూ పగలబడి నవ్వుతున్నారు. వెనక్కి తిరిగి చూసినవాడు లేడు. వాళ్లను చూస్తే నా ప్రాణం కుదుటపడింది. ఆ లైట్లే వాళ్లకు ధైర్యం ఇచ్చాయంటే కాదనను. రోడ్డుమీద దీపాలు ఉండనివ్వండి. ఇసుకమీదికి కొట్టేవాటిని ఆర్పండి, కనీసం తాబేళ్లు వచ్చే నెలల్లో.

ఇక నీకు చెప్పేది ఇదీ నాయనా. ఒడ్డుకు టికెట్టు పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. మురీ మిక్చరు బండిని హోటల్ కోసం లేపేస్తుంటే ఊరుకోకు. ఈసారి విశాఖ వెళ్లినప్పుడు ఫోన్ జేబులో పెట్టి, ముందు సముద్రం వైపు తిరుగు.