కుడిసీటు వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం:
"ఆపమనలేదు. ఆపుంటే బాగుండేదన్నాను. పోనీ."

అవతారిక: ఈ వాక్యం 2019 జూలైలో, సియాటిల్ నుంచి కొండల మీదికి బయల్దేరిన ఒక తెలుగు దంపతుల కారులో, కుడివైపు సీటులో పుట్టింది. నాయకుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆఫీసులో ధీరశాంతుడు, స్టీరింగ్ ముందు ధీరోద్ధతుడు. నాయికదీ అదే ఉద్యోగం గానీ, ప్రయాణాల్లో మ్యాపు, మంచినీళ్లు, మిక్చరు, ఈ మూడు శాఖలూ అదనం. వాళ్లు వేసుకున్న దారి ముందు మోంటానాలో గ్లేషియర్, అక్కణ్నుంచి దక్షిణంగా ఎల్లోస్టోన్, దాని కిందనే గ్రాండ్ టీటన్. అన్ని నేషనల్ పార్కులకూ చెల్లే 80 డాలర్ల ఏడాది పాసు కొన్నారు. దాని వెనక సంతకాలకు రెండు గీతలుంటే, పై గీత మీద నాయకుడు సంతకం చేశాడు. కింది గీత ఖాళీ. ఈ ఖాళీ మీద కొందరు పుటలకు పుటలు రాశారు గానీ మనకు అప్రస్తుతం.

సందర్భం: నాయిక "అబ్బ! అటు చూడు, నీళ్లు గాల్లోంచి దూకుతున్నాయి" అంది. నాయకుడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "ఇక్కడెలా ఆపమంటావ్? వెనక బస్సుంది" అన్నాడు. దానికి బదులు ఈ మూలం.

ప్రతిపదార్థం: ఆపమనలేదు = కారు నిలుపుమని నేను నోటితో చెప్పలేదు; ఆపుంటే = నేను "అబ్బ" అన్నప్పుడే నీ అంతట నీకు తోచి బ్రేకు మీద కాలు పెట్టి ఉన్నట్లయితే; బాగుండేది = అప్పుడు బాగుండేది, ఇప్పుడు ఆపినా ఉండదు; అన్నాను = అంటిని, నీవు వింటివో లేదో; పోనీ = దీని సంగతి దీర్ఘమైనది, చివర చూద్దాం.

స్థల నిర్ణయం: ఈ వాక్యం ఏ పార్కులో పుట్టిందని వ్యాఖ్యాతల మధ్య పెద్ద తగవు. ఎల్లోస్టోన్‌లోని హేడెన్ లోయలో అని ఒక పక్షం. అది చెల్లదు. అక్కడ బైసన్ మంద రోడ్డెక్కితే ముందు కారూ వెనక కారూ రేంజరు కారూ అన్నీ నిలిచిపోతాయి. ఆపడానికి భార్య సూచన గానీ, భర్త సమ్మతి గానీ అక్కర్లేదు. 25 గజాల దూరంలో ఉండాలన్న నియమం మనుషులకే. బైసన్‌కు ఆ నియమం తెలియదు. అది డోరు పక్కనుంచే నడుస్తుంది, దాని ఊపిరి ఆవిరి కిటికీ అద్దం మీద పేరుకుంటుంది, నాయకుడి చూపు దాని కొమ్ముకూ కారు పెయింటుకూ మధ్య ఊగుతుంటుంది. అలాంటప్పుడు వచ్చే వాక్యం "కదలకు" తప్ప వేరొకటి కాదు.

పోనీ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గరంటారా? అదీ కుదరదు. ఆ వేడినీటి బుగ్గ సుమారు గంటన్నరకొకసారి ఎగజిమ్ముతుంది. మళ్లీ ఎప్పుడో పది నిమిషాలు అటూ ఇటూగా బోర్డు మీద రాసి పెడతారు. ఒకసారి తప్పిపోతే బెంచీ పట్టుకుని మిక్చరు నములుతూ కూర్చోవడమే. "బాగుండేది" అని వగచే పని లేదు.

టీటన్ వాదులు మరీ మొండివాళ్లు. కానీ ఆ కొండల స్వభావమే వాళ్ల వాదానికి అడ్డం. భూమిలోని ఒక పగులు వెంట ఇటు కొండలు పైకి లేచి, అటు లోయ కిందికి దిగిపోయింది. అందువల్ల పాదాల దగ్గర చిన్న గుట్టలైనా లేకుండా చదును నేల మీంచి శిఖరాలు నిటారుగా లేస్తాయి. 13,775 అడుగుల గ్రాండ్ టీటన్‌ను ఈ మలుపులో చూడకుండా దాటిపోయినా వచ్చే మలుపులో అదే శిఖరం అద్దం నిండా నిలబడి ఉంటుంది. అక్కడ దేన్నైనా తప్పిపోవడానికి ప్రత్యేకమైన ప్రజ్ఞ కావాలి.

కాబట్టి మిగిలింది గ్లేషియర్. అందులోనూ 1933లో ప్రారంభించిన గోయింగ్ టు ద సన్ రోడ్డు. కొండ గోడను తొలిచి, 6,646 అడుగుల ఎత్తున్న లోగన్ పాస్ కనుమ దాకా ఎక్కించి అవతలి వైపు దించిన 50 మైళ్ల దారి ఇది. పై భాగంలో ఎంత ఇరుకంటే 21 అడుగుల కంటే పొడవైన బండిని రానివ్వరు. కారు వెనక్కి తిప్పుదామన్న ఊహ అక్కడ ఎవరికీ కలగదు. పడమటి నుంచి తూర్పుకు ఎక్కేవాళ్ల వరస లోయ అంచున ఉంటుంది. అమెరికా కార్లలో డ్రైవరు ఎడమ పక్క కదా, కుడిసీటు నాయిక మోచేతి పక్కన పొట్టి రాతి పిట్టగోడ, దానవతల గాలి. ఆ గాలికి ఆవలి ఒడ్డున, ఓబర్లిన్, కానన్ అనే రెండు కొండల మధ్య నుంచి బర్డ్ ఉమన్ జలపాతం పడుతుంటుంది. పెద్ద హిమానీనదం ప్రధాన లోయను లోతుగా కోసింది. పక్కనున్న చిన్నది అంత లోతుకు కోయలేకపోయింది. మంచు కరిగాక చిన్న లోయ పైనే వేలాడిపోయింది. అందులోని నీళ్లకు దూకడం తప్ప దారి లేదు. నాయిక "గాల్లోంచి" అన్నది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి.

ఆక్షేపం: "అబ్బ" అన్నప్పుడే నాయకుడు ఆపొచ్చు కదా? సమాధానం: ఆ పై భాగంలో గంటకు 25 మైళ్లే పరిమితి. అంటే సెకనుకు 11 మీటర్లు. "అబ్బ" నుంచి "దూకుతున్నాయి" దాకా పలకడానికి నాలుగు సెకన్లు వేసుకున్నా, కారు ఆపుకునే జాగా 45 మీటర్లు వెనకబడిపోతుంది. వెనక ఎర్రబస్సు వేరే. మన ఎర్రబస్సు కాదు. 1930లలో వైట్ కంపెనీ తయారుచేసిన, పైకప్పు చుట్టి పక్కన పెట్టేసే ఎర్రబస్సు. అందులోని వాళ్లందరూ జలపాతాన్ని చూస్తున్నారు. అందరూ చూశారు, నాయకుడు తప్ప.

తాత్పర్యం: ఓ ప్రాణేశ్వరా! నీవు తారు చూచుచుండగా నేను జలపాతము చూచితిని. నేను చూచినది నీవు చూడలేదన్న చింతయే గాని నీవు ఆపలేదన్న కోపము లేదు. ఒకవేళ ఉన్నను అది ఈ రాత్రి మోటెల్ చేరువరకే యుండును.

కోపం లేదన్న మాట నాయికను పెళ్లికి ముందు ఎరిగినవాళ్లెవరూ ఒప్పుకోరు. నా మటుకు రెండూ ఉన్నాయనే అనిపిస్తుంది. రసం విప్రలంభమా కాదా అన్న చర్చ కూడా ఇక్కడిదే. ఇద్దరి మధ్యా గేరు రాడ్డంత దూరమే ఉన్నప్పుడు ఎడబాటేమిటని కొందరంటారు. ఒకరు చూసిందాన్ని ఇంకొకరు చూడలేకపోవడం కంటే ఎడబాటు ఏముంది? లోగన్ పాస్ పార్కింగులో చోటు కోసం ప్రదక్షిణలు చేస్తుండగా మాత్రం హాస్యం ప్రవేశించింది. కొండంత పచ్చిక పక్కన పెట్టి, ఒక తెల్ల కొండమేక ఎవరి కారో కార్చిపోయిన కూలెంటును తారు మీంచి శ్రద్ధగా నాకుతోంది. ఇద్దరూ నవ్వారు.

పాఠాంతరం: చివరి పదానికి "పోనీండి" అని ఒక పాఠం ఉంది. ఇది ఆ రాత్రి మోటెల్ వైఫైలో, "నేనేమీ అనలేదత్తయ్యా, పోనీండి అన్నానంతే" అని చెప్పిన వీడియో కాల్‌లో మాత్రమే కనిపిస్తుంది. కనుక ప్రక్షిప్తం. అత్తగారి వ్యాఖ్య: "కొండలేగా, ఆపకపోతే ఏమైందే? తిరుమల ఘాట్ రోడ్డులో మీ మామగారు ఎక్కడైనా ఆపారా?" ఈ దృష్టాంతం చెల్లదు. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ ఎక్కడానికీ దిగడానికీ ఒకటే దారి.

ఇక "పోనీ". ఇందులో శ్లేష ఉంది. కారు పోనీ అంటే నడుపు. జరిగింది పోనీ అంటే వదిలెయ్. నాయకుడికి మొదటి అర్థం స్ఫురించింది, యాక్సిలరేటర్ తొక్కాడు. ఎర్రబస్సు డ్రైవరు సంతోషించి ఉంటాడు. ప్రాచీనులు రెండో అర్థంతో తృప్తిపడ్డారు. ఇద్దరూ పొరబడ్డారు. "పోనీ" తర్వాత చుక్క పెట్టినవాడు లేఖకుడు, నాయిక కాదు. అది మూడో పోనీ. బేరం మొదలుపెట్టే పోనీ. నాయకుడు గేరు మార్చే సందట్లో మిగతా సగం ఎవరికీ వినపడలేదు. మర్నాడు పొద్దున కారు తాళాలు నాయిక చేతిలో కనపడ్డాక గానీ వాక్యం పూర్తి కాలేదు: "పోనీ, వచ్చేటప్పుడు నేను నడుపుతా. నువ్వు చూద్దువు గాని."

ఉత్తర భాగం: ఉద్దేశం మంచిదే గానీ భూగోళం సహకరించలేదు. తూర్పు నుంచి పడమటికి దిగేటప్పుడు మన వరస కొండవైపు ఉంటుంది. కుడిసీటు నాయకుడికి చేయి చాపితే అందేంత దగ్గర్లో నల్లటి రాతిగోడ. లోయ చూడాలంటే నాయిక భుజం మీంచీ, ఎదురొచ్చే వరస మీంచీ మెడ సాచాలి. పైగా వేసవి మొదట్లో కరిగిన మంచు వీపింగ్ వాల్ దగ్గర ఆ గోడ మీంచే రోడ్డు మీదికి ధారలు కడుతుంది. నాయకుడు అద్దం దించి, తల బయటపెట్టి పైకి చూశాడు. కాలరు తడిసింది. అప్పుడు నాయిక "అద్దం ఎక్కించుకో, జలుబు చేస్తుంది" అంది. ఈ వాక్యానికి టీక అక్కర్లేదని వ్యాఖ్యాతలందరూ ఏకగ్రీవంగా వదిలేశారు.