డెబ్బై లీటర్ల వీపు

పెద్ద ట్రెక్కింగ్ బ్యాగును లీటర్లలో కొలుస్తారు. పాలకీ పెట్రోలుకీ వాడే కొలతతో బట్టల సంచిని కొలవడమేమిటని మొదటిసారి కొనేవాళ్లు తెల్లబోతారు. తయారీదారులు లోపల గోళీల్లాంటి ప్లాస్టిక్ ఉండలు పోసి, ఎన్ని పట్టాయో చూసి ఆ అంకె వేస్తారు. పొద్దున ఎక్కి సాయంత్రం దిగే కొండకి పాతిక లీటర్లు చాలు. గుడారం, స్లీపింగ్ బ్యాగు, నాలుగైదు రోజుల తిండి సొంతంగా మోసుకోవాలంటే 60 నుంచి 75 కావాలి. హిమాలయాల్లో కేదారకంఠ వంటి చోట్లకి జట్టుగా తీసుకెళ్లేవాళ్లు గుడారాలనీ వంటసామాన్నీ కంచరగాడిదల మీద పంపేస్తారు కాబట్టి 50 లీటర్లే ఎక్కువ. అయినా హైదరాబాదు నుంచి బయల్దేరేవాళ్ల కన్ను డెబ్బై మీదే పడుతుంది. నిలబెడితే అది ఏడాది నిండిన పిల్లాడంత ఉంటుంది. పిల్లాడైతే నాలుగడుగులు తనే వేస్తాడు.

దుకాణంలో అందరూ ముందు లెక్కపెట్టేది జేబుల్ని. తొమ్మిది జేబులుంటే మురిసిపోతారు. చీకటి పడ్డాక టార్చిలైటు మాత్రం ఎప్పుడూ పదో జేబులోనే ఉంటుంది. జేబుల్ని కాదు, చూడాల్సింది నడుం పట్టీని. బరువులో ముప్పాతిక వంతు భుజాల మీద కాక తుంటి మీద నిలిచి కాళ్లలోకి దిగాలి. బరువును ఎముకల మీద నిలబెట్టాలన్నది పాత సంగతే. రైల్వే కూలీ తలమీద తువ్వాలు చుట్టబెట్టి పెట్టెలెత్తుతాడు, నేపాలు మోతగాడు నుదుటికి పట్టీ వేసి బుట్ట మోస్తాడు. 1952లో అమెరికాలో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రాల బ్యాగులు అమ్మడం మొదలుపెట్టాడు. చట్రం కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపుకుంటే భుజాలు తేలికపడటం చూసి నడుం పట్టీ ఆలోచన వచ్చిందని చెబుతారు. జేబుల వల్ల బ్యాగుకి జరిగిన అసలు మేలు అదొక్కటే.

పట్టీ మధ్యభాగం తుంటి ఎముక పైఅంచు మీద కూర్చోవాలి. బొజ్జ గలవారికి ఇక్కడే చిక్కు. ప్యాంటును బొజ్జ కింద కట్టే అలవాటు కొద్దీ దీన్నీ అక్కడే బిగిస్తారు. మనిషి కొండ ఎక్కుతుంటే పట్టీ దిగుతూ ఉంటుంది.

సైజు చూడాల్సింది మనిషి ఎత్తును బట్టి కాదు, వీపు పొడవును బట్టి. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక దగ్గర్నుంచి, తుంటి ఎముకల పైఅంచులు కలిపే గీత దాకా టైలరు టేపుతో కొలవాలి. ఆరడుగుల మనిషికి పొట్టి వీపు ఉండొచ్చు, అయిదడుగుల మనిషికి పొడుగు వీపు ఉండొచ్చు. ఎవరి వీపు వారు కొలుచుకోలేరు కనుక టేపు ఇల్లాలి చేతికి వెళ్తుంది. అడగకపోయినా నడుం చుట్టుకొలత కూడా బయటపడుతుంది.

ఖాళీగా ఉన్నప్పుడు ఏ బ్యాగైనా హాయిగానే ఉంటుంది, పెళ్లిచూపుల్లో అందరూ నెమ్మదస్తులైనట్టు. పది కిలోల బియ్యం బస్తా, రెండు లీటరు నీళ్ల సీసాలు వేసి అరగంట తిరిగితేనే దాని గుణం తెలుస్తుంది. అపార్ట్‌మెంటు మెట్లు ఇందుకు బాగానే పనికొస్తాయి. కాకపోతే మూడో అంతస్తు పిన్నిగారు తలుపు తీసి, “ఏం బాబూ, ఊరికా? లిఫ్టు పనిచేస్తోందిగా!” అంటారు. రెండోసారి అదే బరువుతో పైకి వెళ్తుంటే ఏమీ అనరు, తలుపు వేసుకుంటారు. అలిపిరి కాలిబాటలోని 3,550 మెట్లు ఇంకా మంచి పరీక్ష అయ్యేవి. కానీ దేవస్థానం వాళ్లు సామాన్లు కిందే తీసుకుని ఉచితంగా కొండమీదికి చేరుస్తారు. ఉచితమన్నాక బ్యాగును వీపునే ఉంచుకునే తెలుగువాడు అరుదు.

బరువు వేసుకున్నాక ముందు నడుం పట్టీ, తర్వాత భుజం పట్టీలు, ఆపైన భుజాల మీదుగా బ్యాగు తలను ముందుకి లాగే చిన్న పట్టీలు, చివరికి ఛాతీ పట్టీ బిగించాలి. ఈ వరస తిరగేస్తే భారమంతా భుజాల మీదే వేలాడుతుంది. వీపుకి గాలి తగిలేలా జాలీ ఉన్నవి మన ఎండలకి సుఖమే. కానీ జాలీ దూరం పెరిగేకొద్దీ బరువు వెనక్కి లాగుతుంది. బ్యాగు దించకుండా పక్క జేబులోని నీళ్ల సీసా తీసి మళ్లీ అక్కడే పెట్టగలగాలి. తీయడం చాలామందికి వస్తుంది. పెట్టడానికి మాత్రం వెనక నడిచేవాడితో స్నేహంగా ఉండాలి.

సర్దేటప్పుడు స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైనవి నడుమన వెన్నుకి ఆనుకుని, తేలికవి పైన పెట్టాలి. ఈ లెక్కన ఆవకాయ సీసా వెన్నెముక పక్కనే ఉండాలి. మూత వదులైతే చొక్కా వీపున ఎర్రటి మరక తేలుతుంది, వెనక వచ్చేవాళ్లు దెబ్బ తగిలిందేమోనని పరుగెత్తుకొస్తారు. మోత ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని ఒక లెక్క. అరవై అయిదు కిలోల మనిషికి పదమూడు. అందులో బ్యాగే రెండు కిలోల పైచిలుకు. మిగిలిన దాంట్లో నీళ్లు లీటరుకో కిలో. ఆ తర్వాత అమ్మ కట్టిచ్చిన కందిపొడి, జంతికలు, “చలి కదా, ఉండనీ” అన్న రెండో దుప్పటి. ఖాళీ కనిపిస్తే అమ్మ చెయ్యి ఆగదు. కాబట్టి పదిహేను లీటర్లు తక్కువ బ్యాగు కొనడమే మేలు.

అటక మీద మాత్రం డెబ్బై లీటర్ల బ్యాగుకి ఎదురులేదు. సంక్రాంతి బొమ్మల కొలువు సరంజామా మొత్తం అందులో పడుతుంది, రెయిన్ కవరు దుమ్ముని ఆపుతుంది. ఛాతీ పట్టీ బకిల్‌లో ఆపద వేళ ఊదడానికి చిన్న ఈల ఒకటి ఉంటుంది. కొండ మీద దాని ఉనికి ఎవరికీ తెలియదు. భోగినాడు బ్యాగు దించగానే ఇంట్లో పిల్లలు దాన్ని కనిపెడతారు.