గోరుపాటి బొమ్మ: టీకా తాత్పర్య విశేషాంశ సహితం

అవతారిక

ఇది చాటుపద్యం. చాటువుకు కర్త పేరు లేకపోయినా నడుస్తుంది గాని కాలం తేల్చకపోతే పండితులకు నిద్ర పట్టదు. ఆపిల్ కంపెనీ వీడియో ఆడే ఐపాడ్‌ను 2005 అక్టోబరులో విడుదల చేసింది. రెండున్నర అంగుళాల తెర, 30 జీబీ జాగా, 299 డాలర్ల ధర. ఆ ధర విని నిట్టూర్చిన లోకాన్ని ఓదార్చడానికి దక్షిణ చైనాలో మరో వంశం వర్ధిల్లింది. వేలెడంత పెట్టె, అందులోనే పాట, బొమ్మ, రేడియో, మైకు, దాని పేరు ఎంపీ4 ప్లేయర్. చెన్నై రిచీ స్ట్రీట్‌లో, ఢిల్లీ పాలికా బజారులో, మన కోఠి గుజరాతీ గల్లీలో గాజు బల్లల కింద బారులు తీరి కనిపించేది. మెమరీ కార్డు పట్టే ఫోన్లు చవకయ్యాక ఆ బారులు చెదిరిపోయాయి. కాబట్టి ఈ పద్యం వీడియో ఐపాడ్‌కు తరువాతిది, చవక కార్డు ఫోన్లకు ముందుది.

ప్రసంగం: ఒకడు పెట్టె కొని గదికి వచ్చాడు. స్నేహితుడు "ఎట్లుందిరా?" అన్నాడు. దానికి ఇది జవాబు.

మూలం

ఆ.వె. కోఠి సందులోనఁ గొన్నట్టి పెట్టెలో
బొమ్మ గోరుపాటి; పొంగు నెడఁద;
అట్టమీఁద నున్న యంకెల నమ్మకు;
ఛార్జి యున్నవరకె సౌఖ్య మబ్బు.

ప్రతిపదార్థం

కోఠి సందులోనన్ = గుజరాతీ గల్లీ అనబడే, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తిగిలవలసిన చోట; కొన్నట్టి = బేరమాడి, వెళ్లిపోతున్నట్టు నటించి, వెనక్కి పిలిపించుకుని కొన్నటువంటి; పెట్టెలోన్ = ఎంపీ4 ప్లేయర్ నందు; బొమ్మ = చలనచిత్రం; గోరుపాటి = బొటనవేలి గోరంతది; ఎడఁద = హృదయం; పొంగున్ = ఉప్పొంగుతుంది; అట్టమీఁదన్ + ఉన్న = డబ్బాపైన అచ్చయిన; అంకెలన్ = జీబీలు, గంటలు మొదలైన సంఖ్యలను; నమ్మకు = విశ్వసించవద్దు; ఛార్జి + ఉన్నవరకె = బ్యాటరీలో ప్రాణం ఉన్నంతసేపే; సౌఖ్యము = సుఖం; అబ్బున్ = లభిస్తుంది.

తాత్పర్యం

మిత్రమా! కోఠిలో కొన్న ఈ పెట్టెలో సినిమా గోరంత కనబడుతుంది. అయినా మనసు పొంగుతుంది. డబ్బా మీది లెక్కలు నమ్మకు. బ్యాటరీ ఉన్నంతసేపు హాయిగా ఉంటుంది.

విశేషాంశాలు

మొదటి పాదం. ఇక్కడ ఒక శంక: "కొన్నట్టి" అని భూతకాలం వాడాడు, "నమ్మకు" అనే హెచ్చరికను మూడో పాదంలో పెట్టాడు. కొనకముందు చెప్పవలసిన మాటను కొన్నాక చెప్పడం అనౌచిత్యం కాదా? కాదు. ఈ పద్యంలో పాదక్రమమే అనుభవక్రమం. కొనడం, చూడడం, పొంగడం, లెక్క చూసుకోవడం, ఛార్జి అయిపోవడం: లోకంలో ఏ కొనుగోలుదారుడూ ఈ వరస తప్పలేదు. హెచ్చరికను మొదటి పాదంలో పెట్టి ఉంటే నీతిపద్యమయ్యేది, ఎవరూ వినేవారు కాదు.

"కొన్నట్టి" అన్న ఒక్క మాటలో పెద్ద సంవాదం దాగి ఉంది. సంప్రదాయజ్ఞులు దాన్ని ఇలా విస్తరిస్తారు:

"లాస్ట్ రేట్ చెప్పన్నా."

"లాస్టే చెప్పిన తమ్మీ."

"గ్యారంటీ ఉందా?"

"చైనా మాల్‌కు గ్యారంటీ ఏముంటది? టెస్టింగ్ వారంటీ. ఈడ్నే చూస్కో, తీస్కపో."

టెస్టింగ్ వారంటీ అంటే కొట్టు మెట్టు దిగేదాకా ఉండే వారంటీ. కొట్టువాడు పెట్టె వెలిగిస్తాడు. అందులో ముందే ఎక్కించి ఉంచిన పాట ఒకటి తళతళ ఆడుతుంది. ఆ పాట ఆ తెరకు, ఆ చిప్పుకు సరిపడేట్టు మార్చి పెట్టినది గనుక ఎప్పుడూ ఆడుతుంది. దాన్ని చూసి పెట్టె మంచిదనుకోవడం పెళ్లిచూపుల్లో ఉప్మా తిని కాపురం ఎలా ఉంటుందో తేల్చడం వంటిది.

రెండో పాదం, పూర్వార్ధం. "గోరుపాటి" అతిశయోక్తి అని కొందరు ఆలంకారికులు. కొలిచి చూద్దాం. ఈ పెట్టెల్లో బాగా వాడుకలో ఉన్నది 1.8 అంగుళాల తెర. అడ్డంగా పట్టుకుంటే వెడల్పు సుమారు 35 మిల్లీమీటర్లు, ఎత్తు 28. సినిమా తీసే ఫిలిం వెడల్పు కూడా 35 మిల్లీమీటర్లే కావడం కాకతాళీయం. మన సినిమాలు స్కోప్‌లో ఉంటాయి. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. స్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. ఆ లెక్కన 35 మిల్లీమీటర్ల వెడల్పులో బొమ్మ ఎత్తు 15 మిల్లీమీటర్లు దాటదు. మిగిలినదంతా పైనా కిందా నల్లపట్టీ. బొటనవేలి గోరు ఆ తెరకు ఆనించి చూడండి. ఇది స్వభావోక్తి.

తెరలో అడ్డంగా 160 చుక్కలు. స్కోప్ బొమ్మకు నిలువున దక్కేవి 68. దూరపు షాట్‌లో నాయకుణ్ణి ముఖం చూసి పోల్చలేం. నడకను బట్టి, గొంతును బట్టి, మిగతావాళ్లు ఎగిరిపడే తీరును బట్టి ఊహించాలి. పేర్లు పడేటప్పుడు చదవగలిగింది సినిమా పేరొక్కటే.

రెండో పాదం, ఉత్తరార్ధం. గోరంత బొమ్మ చూసి ఎడఁద ఎందుకు పొంగాలి? కారణం లేకుండా కార్యం పుట్టింది గనుక విభావనాలంకారం అని పూర్వపక్షం. సిద్ధాంతం ఏమంటే, కారణం ఉంది, తెర మీద లేదు అంతే. ఆనాడు ఇంట్లో టీవీ ఒక్కటి, రిమోట్ పెద్దవాళ్ల చేతిలో. వీడియో కోచ్ బస్సెక్కితే డ్రైవరు వేసిన సినిమాయే బస్సంతా చూడాలి, అదీ మన ఊరు వచ్చేసరికి క్లైమాక్సు ముందు ఆగిపోవాలి. అలాంటి లోకంలో తనకు నచ్చిన పాటను తన చెవుల్లోనే పెట్టుకుని, నచ్చినచోట ఆపి, మళ్లీ మళ్లీ తిప్పుకునే స్వాతంత్ర్యం మొదటిసారి అరచేతికి వచ్చింది. పక్క సీటు మిత్రుడికి ఒక ఇయర్‌ఫోన్ ముక్క ఇస్తే ఆ స్వాతంత్ర్యం సగం కాలేదు, రెట్టింపయింది. కనుక పొంగుకు ఆధారం బొమ్మ పరిమాణం కాదు, చూసేవాడి అధికారం.

ఆ ఇయర్‌ఫోన్‌కు మరో మహిమ ఉంది. ఎఫ్‌ఎం రేడియోకు దాని తీగే యాంటెనా. తీగ పీకితే వివిధభారతి బుసకొడుతుంది. బస్సులో తలను కిటికీ వైపు తిప్పి ఎవరైనా తదేకంగా కూర్చుంటే ప్రకృతి రమణీయతకు పరవశుడయ్యాడని భ్రమపడకూడదు. ఆ కోణంలో స్టేషను దొరికింది, అంతే.

మూడో పాదం. ఇది పద్యానికి ఆయువుపట్టు. "అంకెల" అని బహువచనం వాడాడు గనుక వ్యాఖ్యాతలు మూడు అంకెలు చెబుతారు.

మొదటిది పేరులోనే ఉన్న 4. ఎంపీ3 కంటే ఎంపీ4 ఒక మెట్టు ఎక్కువ, ఎంపీ5 రెండు మెట్లు ఎక్కువ అని గల్లీ సిద్ధాంతం. నిజానికి ఎంపీ3 అంటే ఎంపెగ్-1 ప్రమాణంలో ధ్వనికి సంబంధించిన మూడో పొర. ఎంపీ4 అంటే ఎంపెగ్-4 ప్రమాణంలో పద్నాలుగో భాగం చెప్పే ఫైలు రూపం. ఈ రెండు అంకెలు ఒకే నిచ్చెనవి కావు. ఎంపీ5 అన్న ప్రమాణమే లేదు; అది డబ్బా మీదే పుట్టి డబ్బా మీదే పెరిగింది. ఇంతకన్నా చిత్రం, చవక ఎంపీ4 ప్లేయర్లలో చాలావాటికి ఎంపీ4 ఫైలు పెడితే ఆడదు. అవి కోరేది ఏఎంవీ అనే వేరే రకం.

ఏఎంవీ ఎందుకు? లోపలి చిప్పు పేదది గనుక. చైనాలోని జుహాయ్ నగరపు యాక్షన్స్ సెమీకండక్టర్ కంపెనీ చేసిన ఇటువంటి చిప్పుల్లో కొన్నిటి గుండె 1976 నాటి జడ్-80 ప్రాసెసర్ వంశానిది. మంచి వీడియో పద్ధతులు ముందు బొమ్మకూ తరువాతి బొమ్మకూ మారినదాన్ని మాత్రమే రాసుకుంటాయి. దాన్ని విప్పాలంటే తెలివీ జ్ఞాపకమూ కావాలి. ఏఎంవీకి ఆ బాధ లేదు. ప్రతి బొమ్మనూ విడి ఫోటోలా మొత్తం రాస్తుంది. నాయిక వెనకాల గోడ కదలకుండా నిలబడినా ఆ గోడను సెకనుకు పన్నెండుసార్లు మళ్లీ మళ్లీ రాస్తుంది. అందుకే బొమ్మ గోరంత, ఫైలు కొండంత. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు. ఇక్కడ సగం దారిలో రాలిపోతాయి. నృత్యగీతంలో నాయకుడి కుడికాలు ఎగరడం, ఎడమకాలు దిగడం కనబడతాయి గాని మధ్యలో జరిగినది ప్రేక్షకుడి ఊహకే వదిలిపెట్టబడింది.

ఈ మార్పిడి చేయడానికి డబ్బాలో అరచేతిలో ఇమిడే చిన్న సీడీ ఒకటి ఇచ్చేవారు. దాన్ని కంప్యూటరులో ఎక్కించి, సినిమాను చూపించి, అన్నం తిని, ఓ కునుకు తీసి రావాలి. పెద్ద సినిమాను ముక్కలు చేసి ఎక్కిస్తే పెట్టె అక్షరక్రమం పాటించదు, ఏ వరసలో ఎక్కించామో ఆ వరసలో ఆడిస్తుంది. కాబట్టి తొందరపాటున ఎక్కించినవాడికి విలన్ చచ్చాక పెళ్లిచూపులు వస్తాయి. ఫైలుకు తెలుగులో పేరు పెట్టినవాడికి గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ఆ పెట్టెకు మన లిపి రాదు.

రెండో అంకె జీబీ. ఇందులో నేరం కానిదీ నేరమైనదీ రెండూ ఉన్నాయి, కలపకూడదు. 2 జీబీ అని రాసి ఉంటే కంప్యూటరు 1.86 చూపుతుంది. ఇది మోసం కాదు. తయారీదారుడు జీబీని వందకోట్ల బైట్లుగా లెక్కిస్తాడు, కంప్యూటరు 107,37,41,824 బైట్లుగా లెక్కిస్తుంది. నేరం వేరే ఉంది: లోపల ఒక జీబీ చిప్పు పెట్టి, ఎనిమిది ఉన్నట్టు చెప్పమని దానికి శిక్షణ ఇవ్వడం. ఇక్కడ ప్రమాణచర్చ అవసరం. డబ్బా మీది రాత శబ్దప్రమాణం, అది కూలిపోయింది. కంప్యూటరుకు తగిలించి కళ్లారా చూద్దామంటే అదీ ఎనిమిదే అంటుంది, ఎందుకంటే చిప్పు చెప్పినదే అది వల్లిస్తుంది. ప్రత్యక్షం కూడా కూలింది. పాటలు ఎక్కిస్తే ఎక్కినట్టే కనబడతాయి. అసలు జాగా నిండాక వచ్చినవి పాతవాటిని తుడిచేస్తాయి, లేదా పేర్లు మాత్రమే మిగిలి లోపల శూన్యం ఉంటుంది. మిగిలిన ఉపాయం ఒక్కటే: కంఠం దాకా నింపి, నింపినదాన్ని తిరిగి చదివించి సరిచూడడం. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాము చేసే పని అదే. గౌతముడి న్యాయసూత్రాల్లో లేని ఈ ప్రమాణానికి నవ్యులు పూరణప్రమాణం అని పేరు పెట్టవచ్చు.

మూడో అంకె గంటలు. అట్ట మీది గంటలు తెర ఆర్పి పాట వింటే వచ్చేవి. బొమ్మ చూస్తే తెర వెనక దీపం వెలుగుతూ ఉండాలి, చిప్పు చెమటోడ్చాలి. గంటలు చకచకా కరుగుతాయి. ఈ అంకె నాలుగో పాదానికి వంతెన.

నాలుగో పాదం. "ఉన్నవరకె" అన్నచోటి "ఎ" అవధారణం. లోపలి లిథియం బ్యాటరీని తీసి వేరేది వేసుకునే వీలు సాధారణంగా ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ దాని సత్తువ తగ్గుతుంది. పూర్తిగా ఖాళీ చేసి అటక మీద పడేస్తే మళ్లీ లేవకపోవచ్చు. కాబట్టి ఈ పాదానికి రెండర్థాలు: ఈ పూట ఛార్జి, పెట్టె ఆయుర్దాయం.

ఛందస్సు

ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. కో-గొ, బొ-పొ, అ-య, ఛా-సౌ: నాలుగూ చెల్లాయి. పద్యంలో విరామం నాలుగో గణం దగ్గరే; పెట్టెలో ఎక్కడ పడితే అక్కడ.

పాఠాంతరాలు

చెన్నై తెలుగువారు "రిచీ వీధిలోన" అని చదువుతారు. అంగీకరించరాదు. "రిచీ" సూర్యగణం కాదు, పైగా యతి చెడుతుంది. ఛందస్సు రీత్యా ఈ పెట్టెను కోఠిలోనే కొనాలి. చివరి పాదంలో "సౌఖ్య మబ్బు"ను ఒకే మాటగా తీసుకుని "సుఖం ఒక మబ్బు, తేలిపోతుంది" అని వేదాంతం చెప్పినవారున్నారు. వాళ్లు ఛార్జర్ పోగొట్టుకున్నవారై ఉంటారు.

అన్వయం

మూడో పాదంలో నిషేధం ఉన్నా కవి రెండో పాదాన్ని ఉపసంహరించుకోలేదు. "అంకెల నమ్మకు" అన్నాడు గాని "పెట్టెను కొనకు" అనలేదు. అంకెలు అబద్ధమని తెలిశాక కూడా "పొంగు" అన్న క్రియ అలాగే నిలిచి ఉంది. తప్పు రాసినది డబ్బా, పొంగినది గుండె. ఒకరి తప్పుకు మరొకరిని శిక్షించకూడదన్నది కవిహృదయం.

ఫలశ్రుతి

ఈ పద్యం పఠించి అంగడికి వెళ్లేవాడు సొంత ఫైలు వెంట తీసుకుపోయి కొట్టువాడి ముందే ఆడించి చూస్తాడు. ఇయర్‌ఫోన్ రెండు చెవులూ పలుకుతున్నాయో లేదో వింటాడు. జీబీలు తక్కువ చెప్పిన పెట్టెనే ఎక్కువ నమ్ముతాడు. బ్యాటరీ అయిపోయేముందే సినిమాలో పెళ్లి చూస్తాడు.

ఇది గుజరాతీగల్లీ ప్రదక్షిణ సంప్రాప్త పాదపీడా విరాజిత, లాస్ట్‌రేట్ సంవాద విశారద, టెస్టింగ్‌వారంటీ మాత్ర శరణ్య, గృహదూరదర్శన రిమోటు వంచిత జనపక్షపాతి యగు నొక వ్యాఖ్యాతచేఁ బ్రణీతంబైన గోరుపాటి బొమ్మకు టీకా తాత్పర్య విశేషాంశంబులు. సర్వంబు నేకాశ్వాసము.